పది మోటల మాట

చనిపోయిన రోజు పొద్దున మా అత్తమ్మ నర్సింగమ్మ మోట బొక్కెన తోలు తొండానికి ఆముదం రాసింది. బాయికి కరెంటు మోటరు పెట్టి అప్పటికి రెండేళ్లు. ఆ బొక్కెనతో పనేమీ లేదు, కొట్టంలో కొయ్యకు వేలాడుతుండేది. అయినా "తోలు ఎండితే పలుగుతది బిడ్డా" అని ప్రతి ఎండాకాలం రాసినట్టే రాసింది. చేతులు తుడుచుకుంది. నన్ను అన్నం వండమని చెప్పి అరుగు మీద ఒరిగింది. మళ్లీ లేవలేదు. అది 1967.

ఆ బొక్కెనను చూస్తే ఏడుపు రావాలి. నాకు మాత్రం ముందు నవ్వొస్తుంది. 1958 యాసంగిలో దాని చుట్టూ జరిగిన గోల అలాంటిది మరి!

మాది రామన్నపేట దగ్గరి ఊరు. చౌటుప్పల్ నుంచి నేను కోడలుగా వచ్చి అప్పటికి ఏడాది. మా ఆయన పొద్దున్నే బండి కట్టుకుని కిరాయికి పోయేవాడు. సేద్యమంతా అత్తమ్మదే. ఎడ్లు ఏటవాలు దారిలో కిందికి దిగితే బొక్కెన పైకొచ్చి తొట్లో నీళ్లు కుమ్మరించేది. అవి వెనక్కి నడిస్తే మళ్లీ బాయిలోకి దిగేది. అదొక మోట. ఆ నీళ్లు రోజూ పారితేనే వరి నిలబడేది.

ఊరి బయటి వాడలో క్రైస్తవులకు అదివరకు ఒకటే గుడి. ఆ ఏడు రెండు సంఘాలయ్యాయి. గుడి బడిలో పంతులుగా ఉన్న జానయ్య, నెత్తిన నీళ్లు చిలకరిస్తే బాప్తిస్మం కాదు, నిండా మునగాల్సిందే అన్నాడు. పదిహేను ఇళ్లవాళ్లు అతని వెంట నడిచారు. మునగాలంటే మెట్లున్న బాయి కావాలి. ఊళ్లో మెట్లబాయి మాదే. వచ్చి అడిగాడు. అత్తమ్మ ఊఁ అంది.

మా పాలివాడు, వరసకు అత్తమ్మ మరిది, లింగయ్య ఉరికొచ్చాడు. "వదినె, వాడోళ్లు మునిగిన నీళ్లు ఎట్ల తాగుతవ్?"

"తాగేది నేనా? వరి. పోయి వరికి చెప్పుకో."

జానయ్య మునిగి ఊరుకునే రకం కాదు. బాయి ఒడ్డున నిలబడి పాత గుడిని నలుగురి ముందూ కడిగేసేవాడు. చిలకరింపు సంగతి పైకి చెప్పే మాట. లోపల అసలు మంట వేరే ఉంది. అతని తల్లి సత్తమ్మ మంచాన పడింది. ఆమెకు ఒకటే కోరిక, పాత గుడి సమాధుల జాగాలో మొగుడు సోమన్న పక్కన పండాలని. పాత సంఘం పెద్ద గుర్వయ్య ఖండితంగా చెప్పాడు: జానయ్య గుడిని బజార్ల తిట్టుడు ఆపి, తప్పయిందని ఒప్పుకుంటేనే ఆమెకు జాగా. లేకుంటే లేదు.

"నా నమ్మిక నాది. మా అమ్మ జాగా మా అమ్మది. రెంటికి ముడేసుడు ఏ వాక్యంల ఉన్నది?" అని జానయ్య.

మొదటి ఐతారం ఆ గుర్వయ్యే తన మనుషులతో బాయి కాడికి వచ్చాడు. భారీ మనిషి, దమ్ము రోగం. నాలుగు మాటలకు ఒకసారి ఆగి గాలి పీల్చుకోవాలి. ఇద్దరూ ఒకేసారి అరిచారు, వెనక వాళ్లూ అరిచారు. ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. ఎడ్లు బెదిరి నిలబడ్డాయి. మోట ఆగింది. పొద్దు వాలేసరికి మడిలో ఆకు చుట్టుకుపోయింది.

అత్తమ్మ చీరె కొంగు నడుముకు చెక్కింది.

"ఇగ వినుండ్రి. నా బాయి కాడ మాట్లాడాలంటే మోట నడువాలె. ఒక్కొక్కనికి పది మోటలు. పదోది పోసిందా, నోరు ముయ్యాలె."

"తోలేది ఎవరు?" అన్నాడు గుర్వయ్య.

"నువ్వు మాట్లాడితే వాళ్లు తోలుతరు. ఆయన మాట్లాడితే మీవోళ్లు తోలుతరు. ఎవరిది వాళ్లే తోలితే నా ఎడ్లు పీనుగ వెంట నడిచినట్టు నడుస్తయి. నాకు తెల్వదా మీ సంగతి!"

లెక్క నాది. చాటలో పది చింతగింజలు పెట్టుకోవాలి. నీళ్లు తొట్లో పడ్డప్పుడల్లా ఒకటి తీసి ముంతలో వేయాలి. అత్తమ్మ నా పక్కనే గొంతుక్కూర్చునేది.

రెండో ఐతారం! ఎట్లా చెప్పను? పక్క ఊళ్లవాళ్లు కూడా సద్ది కట్టుకుని వచ్చారు. జానయ్య నోరు తెరవగానే గుర్వయ్య మనుషులు ఎడ్లను అదిలించారు. మోకు బిగుసుకుంది, గిలక కీచుమంది, బొక్కెన ఎగిరొచ్చి దబ్బున కుమ్మరించింది.

"అరే, అవి ఎడ్లా గుర్రాలా?" అని జానయ్య మొత్తుకున్నాడు.

"నీ బోధ వినలేక పారిపోతున్నయి పంతులూ!" అన్నాడు తోలేవాడు.

జనం విరగబడి నవ్వారు. గుర్వయ్య వంతు రాగానే జానయ్య మనుషులు బాకీ తీర్చుకున్నారు. వంతు మీద వంతు నడిచి మధ్యాహ్నానికి కింది మడి గట్టు తెగేంత నీరు! అత్తమ్మ కళ్లలో ఆనందం చూడాలి.

ఆ గోలలోనే పోలీసు ఠాణా అమీన్ సాబు సైకిలు దిగాడు. ఫిర్యాదు పెట్టింది గుర్వయ్యే.

"ఏందమ్మా, ఈడ మతం కొట్లాటంట?"

"కొట్లాట ఏడున్నది సారూ? మోట నడుస్తాంది."

"గుడిని తిడుతున్నడు సార్, అందరి ముందట!" అన్నాడు గుర్వయ్య రొప్పుతూ.

అత్తమ్మ అతని వైపు తిరిగింది. "నీకు పది మోటలు ఇయ్యలేదా? తిరిగి తిట్టు. తిట్టరాకపోతే అమీన్ సాబును పిలుచుకొస్తవా?"

జానయ్య ముందుకొచ్చాడు. "సార్, ఎవరి మతం వాళ్లు నమ్మొచ్చు, చెప్పుకోవచ్చు అని రాజ్యాంగంల ఉన్నది."

"నాకు తెల్సయ్యా" అని అమీన్ సాబు రాయి మీద కూర్చున్నాడు. ఇద్దరి వంతులూ విన్నాడు. లేచేటప్పుడు అత్తమ్మను మెల్లగా అడిగాడు, "వచ్చే ఐతారం గూడ ఉంటదా?"

ఉంది. మూడో ఐతారం సత్తమ్మను మంచంతో సహా నలుగురు మోసుకొచ్చి తుమ్మచెట్టు నీడన దించారు. ముసలమ్మ మసకబారిన కళ్లతో అందరినీ చూసింది. జానయ్య తన పది మోటల్లో ఒక్క తిట్టూ తిట్టలేదు. తల్లి కోరిక మాత్రం చెప్పాడు. అదే ఎక్కువ దెబ్బ.

గుర్వయ్య లేచాడు. జానయ్య మనుషులు ఎడ్లను ఉరికించారు. వాళ్లకు వేగమే తప్ప లెక్క పట్టలేదు. రెండు మోటలు వాక్యం చదివాడు. దగ్గు అందుకుంది. గిలక గుంజ పట్టుకుని వంగిపోయాడు. మూడు మోటలు, నాలుగు మోటలు దగ్గులోనే పోయాయి. తేరుకుని మళ్లీ మొదలుపెట్టాడు, జానయ్యది తప్పే అన్నాడు, మళ్లీ ఆగాడు. నేను మంచం వైపు చూశాను, గుర్వయ్య వైపు చూశాను, చాటలో చూశాను. ఒక్క గింజ ఉంది. బొక్కెన పైకి వస్తోంది.

"వదినె" అన్నాడు గుర్వయ్య, సత్తమ్మతో. "నీ కొడుకు నన్ను ఎంతన్న తిట్టనీ. నేను గూడ తిడుత. సోమన్న పక్క జాగా మాత్రం నీది. సంఘం తరఫున చెప్తున్న."

నీళ్లు తొట్లో పడ్డాయి. నేను గింజ ముంతలో వేశాను.

సత్తమ్మ మంచంలోంచి చెయ్యెత్తింది. "అయితే ఇగ నిమ్మలంగ తిట్టుకోండ్రి. నన్ను ఇంటికి తీస్కపోండ్రి."

ఆ తర్వాత ఆమె ఇంకో నాలుగేళ్లు బతికింది. పోయినప్పుడు సోమన్న పక్కనే పండింది. రెండు సంఘాలూ తిట్టుకుంటూనే ఉన్నాయి, మా బాయి కాడ, పది మోటల లెక్కన, మోటరు వచ్చేదాకా.

అత్తమ్మ పదో దినాన గుర్వయ్య వచ్చాడు. ఒంట్లో కండ లేదు. అరుగు మీద కూర్చుని చాలాసేపు రొప్పాడు. నేను నీళ్లిచ్చాను. కొట్టంలో వేలాడుతున్న బొక్కెన చూస్తూ అన్నాడు:

"నీకు తెల్వదమ్మా. నా వంతు వచ్చినప్పుడల్లా మీ అత్త ముంతలకెల్లి ఒక గింజ తీసి మళ్ల చాటలేసేది. 'దగ్గుకు ఒక మోట, పిల్లకు చెప్పకు' అన్నది. సత్తమ్మకు జాగా ఇచ్చిన నాడు, నేను ఆ మాట అన్నది పదకొండో మోటల."