కడిగినా పోని కారం

దీపావళి వస్తోందంటే నాకు ఆవిడే గుర్తొస్తుంది. నేను నర్సుగా ఉన్న కంటి వార్డులో ఎప్పుడు చూసినా కుళాయి దగ్గరే ఉండేది. సబ్బుతో చేతులు కడుక్కునేది, వాసన చూసుకునేది, మళ్ళీ కడుక్కునేది. చేతులు కడుక్కోమని అందరికీ చెప్పే నేను, ఆవిడకు మాత్రం "ఇక చాలమ్మా" అని చెప్పాల్సి వచ్చింది.

నల్లపాడు దగ్గర మిరపకాయల తొడిమలు తీసే పని ఆవిడది. పండగ నాడు పని నుంచి ఇంటికి వస్తుంటే, వీధిలో ఎవరో పెట్టిన దీపావళి బాంబు గుమ్మంలో నిలబడ్డ భర్త మొహాన పేలింది. పరుగెత్తుకెళ్ళి కారం అంటిన ఆ చేతులతోనే అతని కళ్ళు తుడిచింది. బాంబు పెట్టినవాడు మాత్రం ఆసుపత్రి గడప తొక్కలేదు.

"చూపు పోయింది బాంబు వల్లనమ్మా, కారం వల్ల కాదు" అని డాక్టరు గారు ఎన్నిసార్లో చెప్పారు. ఆవిడ తలూపి, మళ్ళీ కుళాయి దగ్గరికే వెళ్ళింది.

వాంగ్మూలం కోసం వచ్చిన కానిస్టేబులు, "ఎవరు పెట్టారో చెప్పమ్మా, కేసు రాయాలి" అన్నాడు.

"అది నాకు తెలవదండి. ఆయన కేక పెట్టింది నేను తుడిచినప్పుడండి. నా పేరు రాసుకోండి."

కానిస్టేబులు నా వంక చూశాడు.

ఆ సాయంత్రం, కళ్ళకు కట్టుతో పడుకున్న భర్త చెయ్యి చాపి ఆవిడ కోసం తడిమాడు. ఆవిడ అరచేతులు వెనక్కి లాక్కుని, మోచెయ్యి అందించింది.