మరకల తాత

మొన్న ఆదివారం మా కోడలు జూబ్లీహిల్స్‌లో కొత్తగా తెరిచిన ఒక కాఫీ హోటలుకి నన్ను తీసుకువెళ్లింది. లోపల గోడలన్నీ పెచ్చులూడి, ఇటుకలు బయటపడి, అక్కడక్కడ జిడ్డు మరకలతో ఉంటే, పాపం ఇంకా సున్నం వేయించుకోలేదు కాబోలు అనుకున్నాను. కావాలనే అలా చేయిస్తారట, ఇప్పుడు అదే అందమట. ముప్ఫై ఏళ్లు సినిమాలకు సెట్లు వేయించిన ప్రాణం ఊరుకుంటుందా? కాఫీ చల్లారిపోతున్నా ఆ మరకలే చూస్తూ కూర్చున్నాను. ఒక తల జిడ్డు మరకైతే మనిషి ఎత్తుకి రెండు మూరలు పైన ఉంది. అంత ఎత్తున తల ఆనించిన మహానుభావుడెవరో అని నవ్వొచ్చింది. నవ్వుతుండగానే తాత గుర్తొచ్చి, ఆ కాఫీ ఇంక తాగబుద్ధి కాలేదు.

తాత నాకు చుట్టమేమీ కాదు. బోరబండ నుంచి సైకిలు మీద వచ్చే సెట్ పెయింటరు. కొత్త గోడను యాభై ఏళ్ల పాతగోడ చేయడంలో ఆయన్ని మించినవాడు అప్పట్లో లేడు.

ఎనభైల చివరి మాట ఇది. సినిమావాళ్లు ఒక్కొక్కరే మద్రాసు నుంచి మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు వస్తున్న రోజులు. మీలో ఆ రోజులు చూసినవారికి గుర్తుండే ఉంటుంది, ఫిల్మ్‌నగర్‌లో అప్పటికి ఇళ్లకన్నా బండలే ఎక్కువ, ఆ బండల మధ్య ఎక్కడో ఒక మేడ, దాని ముందు నాలుగు కార్లు. ప్రొడక్షన్ మేనేజరుగా చేసే మా మేనమామ కాళ్లావేళ్లా పడి, బొమ్మల కాలేజీ చదువు అప్పుడే పూర్తిచేసుకుని గుంటూరు నుంచి వచ్చిన నన్ను ఒక పెద్ద ఆర్ట్ డైరెక్టరుగారి దగ్గర చేర్పించాడు. ఏడాది తిరగకుండానే ఒక సెట్టు పని మొత్తం ఆయన నా చేతిలో పెట్టారు. బస్సు కండక్టరు ఒకాయన కుటుంబం ఉండే ఇల్లు, రెండు గదులూ ఒక వంటిల్లూ. నా కింద వడ్రంగులూ పెయింటర్లూ కలిపి పన్నెండు మంది. పదకొండు మంది కూర్చోమంటే కూర్చునేవాళ్లు, నిలుచోమంటే నిలుచునేవాళ్లు. పన్నెండోవాడు తాత.

తాత పదకొండు గంటలకు ముందు వచ్చేవాడు కాదు. ఏ పని ఎప్పటికవుతుందని అడిగితే జవాబు చెప్పేవాడు కాదు. టీ డికాషను, బూడిద, కొబ్బరినూనె, ఇంకా ఏవేవో కలిపి ఆయన చేసుకునే రంగులేమిటో పక్కనున్న పెయింటర్లకే తెలియనిచ్చేవాడు కాదు. ఎవరు ఏ రోజు ఏ పని చేయాలో గళ్లు గీసి, పేర్లు రాసి, చదువుకున్నవాణ్ణని నలుగురికీ తెలియాలి కదా, ఒక పెద్ద కాగితం గోడకు అంటించాను. మర్నాటికి ఆ కాగితం మీద పసుపూ మసీ కలిపిన చారలు నాలుగున్నాయి. తాత తన రంగు సరిచూసుకోవడానికి దాన్ని వాడుకున్నాడు. పనివాళ్లు అటు తిరిగి నవ్వారు. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అనలేదు మనవాళ్లు.

అన్నిటికీ మించి ఆయన అడిగే ఒక్క ప్రశ్న నన్ను ఉడికించేది. సున్నం ఆరిన గోడ ముందు గొంతుక్కూర్చుని, బీడీ వెలిగించుకుని, నన్ను చూడగానే అడిగేవాడు.

“గీ ఇంట్ల ఎవలుంటరు సారూ?”

నటీనటులు ఉంటారని ఒకసారి చెప్పాను. కథ మీకెందుకని ఇంకోసారి అన్నాను. నా తప్పు అని ఇప్పుడంటున్నాను గానీ, ఆ రోజుల్లో అదే ఆచారం. కథ దర్శకుడికి తెలుసు, హీరోకి తెలుసు, ఆర్ట్ డైరెక్టరుగారికి తెలుసు, ఆయన దయతలిస్తే నాకు తెలుసు. సుత్తి పట్టేవాడికీ కుంచె పట్టేవాడికీ కథ చెప్పిన పాపాన ఎవరూ పోలేదు. వాళ్లకు కొలతలిస్తాం, రంగు చెబుతాం, అంతే.

షూటింగు ఇంక మూడు రోజులుందనగా మధ్యాహ్నం వెళ్లి చూద్దును కదా, తాత సెట్లో నడిమి గదిలో గోడకు వీపు ఆనించి కునికిపాట్లు పడుతున్నాడు. గోడ నిన్న ఎలా ఉందో అలాగే ఉంది. కోపంతో నాకు ఒళ్లు తెలియలేదు. తండ్రి వయసు మనిషి అన్న ఇంగితం కూడా లేకుండా, అందరి ముందూ నువ్వు అని సంబోధించి, రేపటి నుంచి రానక్కర్లేదన్నాను. ఆయన కుంచెలు గుడ్డలో చుట్టుకుని, సైకిలు తీసుకుని వెళ్లిపోయాడు.

మిగిలిన పెయింటర్లు నేను చెప్పినట్టు చెప్పిన వేళకు పూర్తిచేశారు. మరకలు బొమ్మలో నేను గీసినచోటే, గీసినంతే వేశారు. షూటింగుకు ముందురోజు పొద్దున్నే ఆర్ట్ డైరెక్టరుగారు వచ్చారు. రెండు గదులూ తిరిగారు, వంటిల్లు తొంగి చూశారు. ఆయన కేకలు వేసే మనిషి కాదు, వేసినా బాగుండేది.

“టులెట్ బోర్డు ఒక్కటే తక్కువయ్యా” అన్నారు.

ఆ ఇంట్లో ఎవరూ ఉన్నట్టు లేదని దానర్థం. రేపు తొమ్మిదింటికి కెమెరా తిరగాలనీ, ఇల్లు ఇల్లులా లేకపోతే నేను సామాను సర్దుకోవచ్చనీ మెల్లగానే చెప్పి కారెక్కారు. నాకోసం మాట ఇచ్చిన మేనమామ ముఖం కళ్లముందు ఆడింది. సిగ్గూ శరమూ అక్కడే వదిలేసి, ఎవరిదో స్కూటరు అడిగి తీసుకుని, యూసుఫ్‌గూడ మీదుగా బోరబండ వెళ్లాను.

గుట్ట మీద తాత ఇల్లు వెతికి పట్టుకునేసరికి పదకొండయింది. రెండు చిన్న గదులు, మల్లెపువ్వులాంటి సున్నం, వెతికినా ఒక్క మరక లేదు. తాత అరుగు మీద కుంచెలు కడుగుతున్నాడు, నేను వచ్చినా తల కూడా ఎత్తలేదు. ఆయన భార్య, అవ్వ అనేవారట ఆమెను అందరూ, పీట వేసి చాయ్ ఇచ్చింది. గ్లాసు కింద పెట్టి క్షమించమన్నాను.

“మాఫీ గీఫీ ఏం వద్దు. కథ జెప్పు” అన్నాడు తాత.

చెప్పాను. మొదట రెండు ముక్కల్లో తేల్చబోయాను గానీ అవ్వ సాగనివ్వలేదు, తల్లి ఏం చేస్తుంటదని, మొగడు మంచోడేనా అని అడుగుతూనే ఉంది. తండ్రి కండక్టరు, తల్లి కుట్టుమిషను తొక్కుతుంది, పదహారేళ్ల కూతురికి పాటంటే ప్రాణం, తండ్రికి గిట్టదు, ఇంట్లో రేడియో కూడా ఉండనివ్వడు. చెబుతూ చెబుతూ నేనే అందులో పడిపోయాను. చివరికి అవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది. తాత మాత్రం ఒక్కటే అడిగాడు.

“పక్కింట్ల రేడియో ఉన్నదా?”

ఉందన్నాను, కథలో లేకపోయినా. కుంచెలు చుట్టుకుని నా వెనక స్కూటరెక్కాడు.

ఆ సాయంత్రం దాకా ఆయన చేసిన పని పక్కన నిలబడి చూశాను. తల్లి మిషను ముందు కూర్చుంటే మోచెయ్యి తగిలేచోట గోడ నునుపు తేలింది. తండ్రి చొక్కా తగిలించే మేకు కింద చెమట చార దిగింది. పక్కింటి వైపు గోడకు, పదహారేళ్ల పిల్ల చెవి ఆనేంత ఎత్తున, కొబ్బరినూనె మరక ఒకటి, అరచెయ్యంత. మరకంటే ఉత్తగ వెయ్యొద్దు సారూ, ఎవలదో ఎరుకుండాలె అన్నాడు, నేనడక్కుండా ఆయన నాకు చెప్పిన మొదటి మాట అదే.

మర్నాడు దర్శకుడు సెట్లోకి వచ్చి ఆ మరక దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. రాసుకొచ్చిన సీను పక్కన పెట్టి, ఆ అమ్మాయిని గోడకు చెవి ఆనించి నిలబడమన్నాడు. మాటల్లేని ఆ ఒక్క షాట్‌ని సెట్లో లైట్‌బాయ్‌లు కూడా పని ఆపి చూశారు. నా ఉద్యోగం నిలిచింది.

తాత మారాడనుకునేరు, ఏమీ మారలేదు. తర్వాత పదేళ్లూ పదకొండుకే వచ్చాడు, చెప్పినమాట ఒక్కటీ వినలేదు. మారింది నేను. ప్రతి సెట్టుకు ముందు బోరబండ వెళ్లి చాయ్ తాగి ఇద్దరికీ కథ చెప్పేవాణ్ణి. వాళ్లు సినిమాలకు మాత్రం వెళ్లేవారు కాదు, నువ్వు జెప్పినవ్ గద, ఇంకేం జూసుడు అనేవాడు తాత.

తొంభైల చివర్లో తాత పోయాడు. అప్పటికి నేనే ఆర్ట్ డైరెక్టర్ని, ఒకేసారి మూడు నాలుగు సెట్లు. తాత మంచాన పడి పనికి రావడం మానేశాక, కథ చెప్పడానికి బోరబండ వెళ్లడం నేనూ మానేశాను. నా కింద ఉన్న కుర్రాళ్లంతా బుద్ధిమంతులు, ఏడంటే ఆరున్నరకే ఉంటారు, చెప్పింది చెప్పినట్టు చేస్తారు, ఎవరిమీదా కోపం తెచ్చుకునే పనే లేదు. పదోరోజు తర్వాత అవ్వను పలకరించడానికి వెళ్లాను. చాయ్ ఇచ్చి, తాత కూర్చునే చోట గోడవారగా కూర్చుంది.

“ఇప్పుడు ఏం సిన్మా నడుస్తుంది బిడ్డా? కథ జెప్పు” అంది.

చెబుదామని నోరు తెరిచాను. ఇల్లు కొలతలు తెలుసు, గోడల రంగు తెలుసు, ఎన్నో తారీఖుకి కావాలో తెలుసు. ఆ ఇంట్లో ఎవరుంటారో నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు, అడగాలని తోచనే లేదు.