పోగు కాల్చి చూసే అక్క

బళ్ళారి కంటోన్మెంట్‌లో మా పక్కింట్లో ఒక టైలరక్క ఉండేది. జీన్స్ ప్యాంట్లు కుట్టీ కుట్టీ, నలభై దాటినాక దూరవిద్యలో బట్టల కోర్సుకు చేరింది. అప్పట్నుంచి ఎవరు కనబడినా, పలకరింపు కంటే ముందు వాళ్ళ చీర కొంగో చొక్కా అంచో వేళ్ళతో నలిపేది. "ఒక్క పోగియ్యప్పా, రికార్డుకు కావాల" అని తీసుకుని అగ్గిపుల్లతో కాల్చేది. వెంట్రుక కాలిన వాసనొస్తే పట్టు. ఉండకట్టి గట్టిపడితే పాలిస్టర్.

ఒకరోజు మా అమ్మ తన పెళ్ళి పట్టుచీర తానే తెచ్చి ముందర పెట్టింది. మా నాన్న అంగళ్ళన్నీ తిరిగి ఏరి తెచ్చిన చీర అది. అక్క పోగు కాల్చింది. నల్లగా ఉండకట్టింది. అమ్మ చూసేలోపే ఆ ఉండను వేడిమీదనే గుప్పిట్లో మూసేసింది.

"అసలైన పట్టు, పెద్దమ్మా! వాసనొస్తాండాదా?"

అమ్మ గట్టిగా పీల్చి, "అవునమ్మే, బాగా వస్తాండాది" అనింది.

పాసైనాక అక్క తన రికార్డు నాకు చూపించింది. అమ్మ చీర పోగు కింద "పాలిస్టర్" అని రాసుంది, పక్కన ఎర్రటి టిక్కు.

"పరీక్షలో అబద్ధం రాస్తే ఎట్లప్పా?" అనింది, అరచేతిలోని మచ్చ రుద్దుకుంటా.

మొన్న క్రిస్మస్‌కు కూడా అమ్మ ఆ పట్టుచీరే కట్టుకుంది.