ఉప్పలమ్మ అరచేతి తీర్పు

నకిరేకల్ అంగట్లో నూనె కొనేవాళ్లు ముందు డబ్బా చూడరు, ఉప్పలమ్మ తల చూస్తారు. తల నిగనిగలాడుతుంటే ఆ రోజు ఊళ్లో మంచి నూనె దిగినట్టే లెక్క.

గానుగ ఇంట్లో పుట్టిన మనిషి. పాలపళ్లు ఊడకముందే నూనె నాకి అది ఏ గింజదో చెప్పేదట. ఈ సంగతీ ఆమే చెప్పింది, కాదనడానికి అప్పటివాళ్లెవరూ మిగల్లేదు. ఏ దుకాణానికి పోయినా ఒకటే పద్ధతి. అరచేతిలో నాలుగు చుక్కలు పోయించుకుంటుంది, నాకుతుంది, కళ్లు మూసుకుంటుంది. మంచిదైతే మిగిలింది తలకు రాసుకుంటుంది. కాకపోతే ఆ దుకాణం దర్వాజకే తుడిచేస్తుంది. నోరు విప్పే పనే లేదు. నూనె దుకాణం యాదయ్య దర్వాజకు అలాంటి జిడ్డు మరకలు మూడున్నాయి, రంగు వేసినా పైకి తేలుతాయి. ఇంతా చేసి ఆమె డబ్బిచ్చి నూనె కొనడం ఎవరూ చూడలేదు. తలకు సరిపడా అంగడే పోస్తుంటే కొనడమెందుకు?

కువైట్‌లో తొమ్మిదేళ్లు హోటల్ వంట చేసిన గులాం నబీ, అక్కడ యుద్ధం రావడంతో తిరిగొచ్చి, తొంభై రెండులో బస్టాండు పక్కన దుకాణం తెరిచాడు. ఖర్జూరాలు, పిస్తా, కుంకుమపువ్వు, ఉప్పునీళ్లలో ఊరిన ఆకుపచ్చ కాయలు, అన్నిటికంటే ముందు జైతూన్ నూనె, అంటే ఆలివ్ నూనె సీసాలు. జనం వచ్చేవాళ్లు, సీసా వెలుగుకు ఎత్తి చూసేవాళ్లు, ఒంటికి రాసే నూనెను తింటారా అని నవ్వుకుంటూ పోయేవాళ్లు. నెల తిరిగేసరికి ఒకే ఒక్క సీసా అమ్ముడైంది, అదీ ఎవరి మోకాళ్లకో.

నబీ చివరికి ఉప్పలమ్మ ఇంటికే వెళ్లాడు.

"అక్కా, ఒక్కపారి వచ్చి రుచి జూడు. నువ్వు బాగుందంటే దుకాణం నిలవడ్తది. బాగలేదంటే రేపే తాళమేస్త."

"నేనైతే అబద్ధమాడ నబీ. ముందే చెప్తున్న."

మర్నాడు పొద్దెక్కాక ఆమె వచ్చింది. వెనకాలే సగం అంగడి వచ్చింది, అందరికంటే ముందు యాదయ్య. నబీ కొత్త సీసా మూత తీసి నాలుగు చుక్కలు పోశాడు. ఆమె నాకింది. కళ్లు మూసుకోబోయింది కానీ అవి వాటంతటవే పెద్దవయ్యాయి. చేదు. ఆ వెనక గొంతులో మిరపకాయ పడ్డట్టు మంట. ఖళ్లుఖళ్లుమని దగ్గి, ముక్కిన నూనె అనుకుంది. నబీ ముఖం చూసి ఒక్క క్షణం ప్రాణం ఉసూరుమంది. అయినా చెయ్యి ఆగలేదు. పోయి కొత్త దర్వాజకు తుడుచుకుంది.

జనం నవ్వుకుంటూ విడిపోయారు. నబీ మాత్రం కోపం తెచ్చుకోలేదు, తిండి వేళయిందని టిఫిన్ డబ్బా తెరిచాడు. భార్య తాహేరా కట్టిచ్చిన జొన్నరొట్టెలు నాలుగు, ఉల్లికారం, నంజుకోను ఒక ఉల్లిపాయ.

"కూసో అక్కా, తినే యాళ్లకు వచ్చినవు."

కారం మీద అదే నూనె ధారగా పోసుకున్నాడు. ఉప్పలమ్మ ముక్కు అదిరింది. వాన పడ్డ మర్నాడు పచ్చిగడ్డి కోస్తే వచ్చే వాసన.

"ఎందుకు ముక్కిందో జూస్త, జర గింత పెట్టు" అంది.

ఒక ముక్క తిన్నది. "ఇంకా తెలుస్తలేదు" అంది. రొట్టె అయిపోయింది. రెండో రొట్టెకూ తెలియలేదు. మూడోది సగంలో ఉండగా "గింజల తప్పా, గానుగల తప్పా అని జూస్తున్న" అంది. నాలుగోది కూడా పరీక్షకే పోయింది. నబీకి ఉల్లిపాయ మిగిలింది.

దర్వాజ దగ్గర యాదయ్య దగ్గాడు. వెళ్లినట్టే వెళ్లి అక్కడే నిలబడ్డాడు మహానుభావుడు, ఇంకో పదిమందిని కూడా పోగేశాడు.

"ఏమాయె ఉప్పలమ్మా? ముక్కిన నూనెతోని నాలుగు రొట్టెలు దిన్నవ్?"

ఆమెకు సిగ్గుతో చెవులు కాలాయి. ముప్పై ఏళ్ల పేరు. లేచి పోతే మాట నిలబడుతుంది, దుకాణం మూతపడుతుంది. ఖాళీ డబ్బా వైపు చూసింది. ఎదురుగా నబీ ఉల్లిపాయ కొరుక్కుంటున్నాడు, పాపం పిచ్చి మారాజు.

ఆమె అరచెయ్యి చాపింది. "పొయ్యి."

నాకింది, మళ్లీ దగ్గింది. "నూనె బాగనే ఉంది. గీ చేదు, గీ మంట దీని గుణమే. ఇంతకుముందు తిన్లే గదా, నా నాలికకే తెల్వలే" అని, మిగిలిన నూనె అందరి ముందూ తలకు రాసుకుంది. యాదయ్య కూడా లోపలికి వచ్చి చెయ్యి చాపాడు.

పోయేముందు ఆమె కొంగుతో దర్వాజ తుడవబోయింది. మరక ఇంకా పెద్దదయింది.

"ఉండనీ అక్కా" అన్నాడు నబీ. "అడిగినోళ్లకు చెప్త, ఉప్పలమ్మ ఒక్కపారి తప్పు చెప్పిందని."

ఆమె జిడ్డు కొంగు నడుముకు చుట్టుకుంది.

"చెప్పు. గని నవ్వుకుంట చెప్పకు" అంది.