కొల్లేటిలో లోకాంతం కోసం వాకబు

లోకం ఎప్పుడు అంతమవుతుందో మా అన్నయ్య కూతురు సుమ ఈ నెలాఖరులోగా తేల్చాలి. లేకపోతే గైడు మేడమ్ ఆమె పరిశోధనలో ఆఖరి అధ్యాయం ఒప్పుకోరు. అన్ని మతాలనీ క్రైస్తవ పండితుల ప్రశ్న ఒక్కదానితోనే కొలవాలట: రక్షకుడు వెయ్యేళ్ల శాంతిరాజ్యానికి ముందొస్తాడా, తర్వాతొస్తాడా? బడి గడప తొక్కకుండా నాన్నగారి దగ్గర పురాణాలు నేర్చుకున్న నాకు, తనకి తోడుగా రమ్మని సుమ నుంచి పిలుపొచ్చింది. అంతటి భాగ్యానికి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

పొద్దున్నే తాడేపల్లిగూడెంలో పాసింజరు ఎక్కాం. భీమడోలు దాకా నిలబడక తప్పలేదు. సీటు దొరికాక, ఎదురుగా బైబిలు పట్టుకున్న ఒకావిడని సుమ అడగనే అడిగింది, ముందా తర్వాతా అని.

"ఆ లెక్కలు మాకెవరూ చెప్పలేదమ్మా. ఆయనొస్తాడు, మనం సిద్ధంగా ఉండాలి, అంతే," అంటూ ఆవిడ మాకు చెరో జామకాయ ఇచ్చింది.

క్రైస్తవులకే పట్టని చొక్కా మాకు తొడగబోతున్నారన్నమాట.

ఏలూరులో ఇడ్లీ తిని కైకలూరు బస్సెక్కాం. అక్కణ్ణుంచి ఆటోలో కొల్లేటి నీళ్ల మధ్య ఒక లంకలోని అమ్మవారి గుడికి వెళ్లాం. వరదొస్తే గట్టెక్కి, నీరు తీశాక దిగి ఇళ్లు కడుక్కునే ఊరు. ప్రళయం సంగతి వీళ్లకే బాగా తెలుస్తుందని మేడమ్ ఊహ.

పూజారిగారు గోత్రం అడిగి సంకల్పం మొదలెట్టారు. "కలియుగే ప్రథమపాదే" అనగానే సుమ ఆపింది.

"అంటే ఇంకా ఎంతుందండీ?"

"మొదటి పాదమే కదండీ, లక్షల ఏళ్లుంది. తర్వాత మళ్లీ కృతయుగం."

"కల్కి కోసం ఎదురుచూడరా?"

"ఆయనొచ్చేలోగా అమ్మవారికి నైవేద్యం పెట్టాలి కదండీ. మీ పేరు చెప్పండి."

రోజూ కాలంలో తామెక్కడున్నారో చెప్పుకుని, ఆ వెంటనే ఆరోగ్యమూ పంటా అడిగే జనానికి ముందేమిటి, తర్వాతేమిటి?

బయటికొచ్చి సుమ ఫోన్ చేసి విన్నదంతా చెప్పింది. మేడమ్ గొంతు నాకూ వినపడింది.

"వాయిదాపడిన నిరీక్షణ అని రాసెయ్యమ్మా."

"ఎవరూ వాయిదా వెయ్యలేదు మేడమ్. ఆ ప్రశ్నే వీళ్లకి సరిపోదని రాస్తానండి."

"అయితే ఇంకో ఏడాది ఆగు," అని ఆవిడ పెట్టేశారు.

సాయంత్రం ఏలూరులో తిరుగు రైలెక్కాం. సుమ కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. గుండుగొలను దగ్గరపడ్డాక, "ఏడాది పోయిందని బాధే అత్తా. మాట మాత్రం మార్చను," అంది.

నాకు ముచ్చటేసింది. రోజంతా తిరిగితే మాకు దొరికిన అసలైన విశ్వాసి మేడమ్ ఒక్కరే. లోకంలోని మతాలన్నీ ఏదో ఒకనాడు బుద్ధిగా వచ్చి తన పట్టికలోని గడుల్లో కూర్చుంటాయని ఆవిడ ఎదురుచూస్తున్నారు. అందాకా ఆవిణ్ణి ఆరోగ్యంగా ఉంచమని అమ్మవారిని వేడుకున్నాను.