లోపల కడిగినావా?

మా ఆసుపత్రిలో నర్సుగా చేసి, మేమందరం పెద్ద సిస్టరు అని పిలిచిన ఆమె పోయిన మంగళవారం పొద్దున నెల్లూరులో చనిపోయింది. డయాలిసిస్ చేయించుకోవడానికి ఉదయగిరి నుంచి తొలి బస్సుకి వచ్చి, ఆసుపత్రి వరండాలో బెంచీ మీద తన వంతు కోసం కూర్చుని, అట్లాగే పక్కకి ఒరిగిందంట. పక్కనున్నామె కునుకు తీస్తోందనుకుని కాసేపు తన భుజం ఆనించిందంట. ఆమె చెల్లెలి కూతురు నాకు ఫోన్ చేసి, "అక్కా, పెద్దమ్మ లేదు" అంది. ఇద్దరం ఫోన్లు చెవి దగ్గర పెట్టుకుని ఉండిపోయాం.

మేం పనిచేసింది ఆత్మకూరులో ఒక చిన్న కంటి ఆసుపత్రిలో. అందులో ఆపరేషన్ థియేటరు ఇరవై ఆరేళ్ళు ఆమె చేతి కింద నడిచింది. సోమశిల నుంచి సంగం దాకా శుక్లాలు తీయించుకున్న ముసలివాళ్ళలో చాలామందికి డాక్టరు పేరు గుర్తుండదు. "ఒక పెద్ద సిస్టరు నా చెయ్యి పట్టుకోనుండాదమ్మా" అని మాత్రం చెప్తారు. అట్లాంటి మనిషి గురించి నాలుగు మంచి మాటలు రాసి ఊరుకోవచ్చు. కానీ నేను అంతటితో ఊరుకుంటే అబద్ధమవుతుంది. ఆమె చివరి ఆరేళ్ళూ మోసిన తప్పు నాది.

నేను అక్కడ చేరినప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మొదటిరోజు ఆమె స్టీలు ట్రేలోంచి సన్నటి వస్తువొకటి తీసి నా ముందు పెట్టింది. చూడ్డానికి సూదిలా ఉంది కానీ మొన లేదు. కొస కొంచెం వంగి ఉంది.

"ఇదేంది?" అంది.

"సూది."

"సూది గుచ్చేదానికి. ఇది నీళ్ళు పోసేదానికి. క్యానులా అంటారు. పేరు మర్చిపోయినా పర్లేదు, పని మర్చిపోబాక."

శుక్లం తీసేటప్పుడు కన్ను లోపల కూలిపోకుండా ఈ క్యానులా గుండానే నీళ్ళు పోతూ ఉంటాయి. మిగిలిపోయిన శుక్లం తునకల్ని కడిగేదీ, లెన్సు పెట్టడానికి వేసిన జెల్లీని చివర్లో బయటికి తెచ్చేదీ ఇదే. దాని లోపలి దారి మహా సన్నం. ఆ దారిలో జెల్లీ ఎండిపోయినా, కడగడానికి వాడిన సబ్బు మందు మిగిలిపోయినా, తర్వాతి మనిషి కంట్లోకి నీళ్ళతో పాటు అదీ పోతుంది. ఆటోక్లేవులో పెడితే క్రిములు చస్తాయి కానీ సబ్బు ఎక్కడికీ పోదు.

అందుకని ఆమె ఒక్కో క్యానులానీ, అది ఎండకముందే, సిరంజి తగిలించి డిస్టిల్డ్ వాటర్ మూడుసార్లు కొట్టేది, తర్వాత ఒకసారి గాలి కొట్టేది. ధార తిన్నగా వస్తుందో లేదో నల్లగుడ్డ మీద చూసేది. డాక్టరు చేతికిచ్చే ముందు సిరంజికి సరిగ్గా బిగిసిందో లేదో రెండుసార్లు లాగేది. ఇదంతా చేస్తూ చర్చిలో పాడే పాటేదో గొంతులోనే పాడుకునేది. ఒక పాట అయ్యేసరికి ఒక ట్రే అయ్యేది.

"బయట తుడిస్తే మన కంటికి బాగుంటాది. లోపల కడిగితే వాళ్ళ కంటికి బాగుంటాది" అనేది.

ఎవరు ట్రే తెచ్చిచ్చినా ఆమె అడిగేది ఒకటే. "లోపల కడిగినావా?" మధ్యాహ్నం అన్నం గిన్నె కడిగిపెట్టినా అదే మాట. మేం ఆమె వెనకాల ఆ గొంతు అనుకరించి నవ్వుకునేవాళ్ళం.

ఆమెది ఉదయగిరి. వాళ్ళ వీధి చివర చెక్క చెంచాలు చెక్కే తాత ఒకాయన ఉన్నాడు. చిన్నతనంలో చెక్కపేడు ఎగిరిపడి ఆయనకి ఎడమ కన్ను పోయింది. ఉన్న ఒక్క కుడికంట్లో శుక్లం ముదిరి, చెంచా కాడ మీద గీతలు గీయలేక పని ఆపేశాడు. ఆపరేషనంటే భయం. "ఉండేదొకటే గదమ్మా" అనేవాడంట. పెద్ద సిస్టరు ఆయన్ని చిన్నాయనా అని పిలిచేది. నాలుగైదు ఆదివారాలు చర్చి నుంచి నేరుగా వాళ్ళింటికి పోయి కూర్చుని, "లోపల నేనుంటా గదా చిన్నాయనా, నీకేం భయం" అని చెప్పి చెప్పి ఒప్పించింది. తానే బస్సులో పక్కన కూర్చోబెట్టుకుని ఆత్మకూరు తెచ్చింది.

ఆ రోజు శిబిరం. వానకి కరెంటు పోయి, జనరేటరు మొరాయించి, పొద్దున మొదలు కావలసిన ఆపరేషన్లు మధ్యాహ్నానికి జరిగాయి. ఆపైన ఒక ట్రే వెనక ఒక ట్రే. లోపల ఒక అవ్వ భయపడి టేబుల్ మీద నుంచి లేవబోతుంటే పెద్ద సిస్టరు ఆమె దగ్గరికి పోయింది. పరికరాల గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. క్యానులాలు సబ్బు మందులోంచి తీసి, పైన నీళ్ళు పోసి, తుడిచి, ఆటోక్లేవులో పెట్టాను. లోపల నీళ్ళు కొట్టలేదు. మర్చిపోయి కాదు. లోపల్నుంచి "ట్రే, ట్రే" అని అరుస్తున్నారు, ఈ ఒక్కసారికి ఏం కాదులే అనుకున్నాను.

ఆమె తిరిగొచ్చి తలుపు దగ్గర నుంచే అడిగింది.

"లోపల కడిగినావా?"

"కడిగినా సిస్టర్."

తల ఊపి వెళ్ళిపోయింది. నన్ను నమ్మింది.

మర్నాడు పొద్దున కట్లు విప్పుతుంటే, ఆ ట్రేతో చేయించుకున్న ఐదుగురి కళ్ళూ ఒకే రకంగా ఉన్నాయి. నల్లగుడ్డు మీద పాలు పోసినట్టు తెల్లగా. నొప్పి లేదన్నారు అందరూ. డాక్టరు ఒక్కొక్కరినీ లైటు వేసి చూసి, "ఇది చీము పట్టడం కాదు. లోపలికి ఏదో పోయింది" అన్నాడు. చెంచాల తాత స్టూలు మీద బుద్ధిగా, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చునున్నాడు.

"కట్టు ఎప్పుడు విప్పతారమ్మా?" అని అడిగాడు.

కట్టు విప్పి అప్పటికి చాలాసేపయింది.

పెద్ద సిస్టరు పరికరాల గదిలోకి వచ్చి, నిన్నటి ట్రేలో వాడకుండా మిగిలిన క్యానులా ఒకటి తీసి, సిరంజి బిగించి, నల్లగుడ్డ మీద కొట్టింది. మొదట ఏమీ రాలేదు. గట్టిగా నొక్కితే తెల్లటి పొడి లాంటిది వచ్చింది, దాని వెనకే సన్నటి నురుగు. ఆమె నా ముఖం చూడలేదు. ఆ గుడ్డనే చూస్తూ అడిగింది.

"ఎన్నిట్లో?"

"ఆ ట్రే అంతా."

గుడ్డ మడిచి జేబులో పెట్టుకుంది. తర్వాత మూడు రోజులు ఇంటికి పోలేదు. గంట గంటకీ చుక్కలు వేస్తూ ఐదు మంచాల మధ్యే తిరిగింది. నలుగురికి పది రోజుల్లో తెలుపు విరిగింది. తాతకి విరగలేదు. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం దెబ్బతింది. నెల్లూరు తీసుకుపోతే, పైపొర మార్చినా లాభం లేదని చెప్పి పంపేశారు.

ఆఫీసులో అందర్నీ పిలిచారు. మేనేజరు నెమ్మదిగానే మాట్లాడాడు. "ముసలాయనకి షుగరుంది కదమ్మా. అందువల్ల అయిందని రాస్తే అందరికీ మంచిది" అన్నాడు.

"షుగరు ఆయనకి పదేళ్ళ నుంచి ఉండాది. కన్ను ఇప్పుడు పోయింది. మనం పోగొట్టినాం. అట్టనే రాయండి" అంది ఆమె.

"ఎవరు కడిగింది?"

"కడిగించేదాన్ని నేను. నా పేరు రాయండి."

నేను ఆమె వెనకే నిలబడి ఉన్నాను. ఆమె భుజం మీద పైటకి పిన్నీసు పెట్టుకునేది, ఆ పిన్నీసునే చూస్తూ నిలబడ్డాను. నోరు తెరవలేదు.

ఆమెని థియేటరు నుంచి తీసేసి, బయట రోగులకి చీటీలు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆ సాయంత్రం నన్ను పక్కకి పిలిచింది. కాళ్ళ మీద పడదామనుకున్నాను. వంగనివ్వలేదు.

"నిన్ను కాపాడినాననుకోబాక. ఇద్దర్నీ తీసేస్తే రేపు కడిగేదెవురు? అందుకని నా పేరు చెప్పినా. ఆఫీసోళ్ళకి నేను చెప్పినా గానీ, ఆయనకి చెప్పాల్సింది నువ్వే. ఆదివారం బస్టాండుకి రా."

ఆదివారం ఉదయగిరి పోయాం. బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తాత ఇంట్లో గోడకి ఆనుకుని కూర్చునున్నాడు. ఆయన భార్య గడప దగ్గర చెంచాలకి గరుకు కాగితం రుద్దుతోంది.

"చిన్నాయనా, ఈ పిల్ల నీకొక మాట చెప్పాలంట" అని ఆమె నన్ను ముందుకి తోసింది.

చెప్పాను. లోపల కడగలేదనీ, కడిగానని అబద్ధం చెప్పాననీ చెప్పాను. ముసలామె చేతిలో చెంచా ఆగిపోయింది. తాత నా గొంతు వైపు ముఖం తిప్పాడు. తర్వాత అడిగాడు.

"కడిగేదానికి ఎంతసేపు పడతాదమ్మా?"

"రెండు నిమిషాలు తాతా."

"రెండు నిమిషాలు" అన్నాడు, తనలో తాను. "నల్లగా అయిపోయుంటే చీకటనుకుందును. ఇది తెల్లగా ఉండాది. రాత్రీ తెలుపే, పగలూ తెలుపే. కన్ను మూసినా తెలుపే." ఇంకాసేపటికి, "పో. ఇంగ రాబాక" అన్నాడు.

తిరుగు బస్సులో నేను ఏడుస్తుంటే ఆమె ఓదార్చలేదు. "ఏడిస్తే ఏడువు. రేప్పొద్దున ట్రే మాత్రం సరిగ్గా కడుగు" అంది.

నేను మళ్ళీ వెళ్ళలేదు. ఆమె వెళ్ళేది, ప్రతి ఆదివారం. మొదట్లో తాత లోపలికి రానివ్వలేదంట. అరుగు మీదే కూర్చుని, ముసలామెతో పాటు తానూ చెంచాలు రుద్దేది. కొన్ని నెలలకి ఒకరోజు లోపల్నుంచి తాత గొంతు వినిపించిందంట. "ఎవురది రుద్దేది? ఒకే పక్క అరగదీస్తా ఉండావే. ఇట్టా తే." బయటికి వచ్చి ఆమె చేతిలోది లాక్కున్నాడంట. ఆనాటి నుంచి నునుపు పని ఆయనదే అయింది. ఇది చెప్పినప్పుడు ఆమె ముఖంలో కాస్త వెలుగు చూశాను. "పనుండాది గానీ, పాత మనిషి రాలా" అని మళ్ళీ తానే అంది.

చీటీల బల్ల దగ్గర నుంచి ఆమెకి థియేటరు తలుపు కనిపించేది. లోపలికి రాకూడదు. రోజూ మధ్యాహ్నం తలుపు దాకా వచ్చి, అద్దంలోంచి నన్ను చూసేది. నేను సిరంజి ఎత్తి చూపిస్తే వెళ్ళిపోయేది. నాతో మామూలుగా మాట్లాడటానికి ఏడాది పట్టింది. ఆ తర్వాత కూడా ఎప్పుడైనా నేను నవ్వుతూ ఉంటే, ఆమె చూపు ఒక్క క్షణం నా మీద ఆగేది. ఆ చూపులో కోపం లేదు. దానికి పేరు నాకు ఇప్పటికీ తెలీదు.

రెండేళ్ళ కిందట ఆమెకి కిడ్నీలు పాడయ్యాయి. మా మెట్ట ఊళ్ళలో ఆ జబ్బు కొత్తది కాదు. ఉద్యోగం మానేసి ఉదయగిరిలోనే ఉండిపోయింది. వారానికి రెండుసార్లు నెల్లూరు బస్సు. పోయిన నెల చూడ్డానికి వెళ్ళాను. పాదాలు ఉబ్బి, చెప్పుల్లో పట్టడం లేదు. రోజుకింత అని కొలిచిన నీళ్ళు చిన్న చెంబులో పెట్టుకుని, నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ నాలుక తడుపుకుంటోంది. నా ముఖం సరిగ్గా కనబడక దగ్గరికి రమ్మంది. లైటు వేసి చూశాను. రెండు కళ్ళలోనూ శుక్లాలు.

"ఆత్మకూరు రండి సిస్టర్. చేయించుకుందురు గానీ" అన్నాను.

ఆమె చెంబు కింద పెట్టింది. "ఎవురు కడగతారు?"

"నేనే."

చాలాసేపు నన్ను చూసింది, ఆ మసక చూపుతోనే. "అయితే వస్తా. కాళ్ళ వాపు కాస్త తగ్గనీ" అంది.

ఆమెకి తారీఖు అడిగి పెట్టాను. ఆ తారీఖు ఇంకా రాలేదు.

బుధవారం మధ్యాహ్నం ఉదయగిరి కొండ కింద, చర్చి వాళ్ళ సమాధుల దొడ్డిలో పెట్టాం. జనం ఎక్కువ లేరు. ప్రార్థన అయ్యాక, గేటు దగ్గర చెంచాల తాత కనిపించాడు. ముసలామె చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తోంది. రాళ్ళూ గుంటలూ ఉన్న నేల. ఆయన రెండో చెయ్యి గాల్లో ఆసరా కోసం వెతుకుతోంది. దగ్గర్లో నేనే ఉన్నాను. నా చెయ్యి అందించాను.

చెప్పకుండా ఉంటే ఆయనకి తెలిసేది కాదు.

"తాతా, నేను. ఆసుపత్రి పిల్లని" అన్నాను.

చెయ్యి విడిపించుకున్నాడు. రెండడుగులు వేశాడు. కాలు రాయికి తగిలి తూలాడు. నిలదొక్కుకుని, ముఖం అటే తిప్పుకుని, చెయ్యి మళ్ళీ నా వైపు చాపాడు. పట్టుకున్నాను.

గొయ్యి అంచుకి తీసుకుపోయాం. వంగి గుప్పెడు మట్టి తీసుకుని విసిరాడు. అది అవతలి గట్టు మీద పడింది. తల పక్కకి వంచి విన్నాడు. పెట్టె మీద పడిన చప్పుడు రాలేదు. మళ్ళీ వంగి, ఇంకో గుప్పెడు తీసుకుని, చెయ్యి కిందికి బాగా చాపి వదిలాడు. ఈసారి చెక్క మీద మట్టి రాలిన చప్పుడు మా అందరికీ వినిపించింది. ఆయన తల ఎత్తలేదు. మళ్ళీ మట్టి కోసం తడుముకుంటున్నాడు.