చెయ్యి కడిగిన చోట

మామ పెరికిన వేరుశనగ చెట్టుకు గుత్తులు గుత్తులుగా కాయలు వేలాడుతున్నాయి. ఒక్క కాయ కూడా లేదని కరువు చూడ్డానికొచ్చిన అధికారికి చూపించడానికే ఆయన దాన్ని పెరికాడు.

అంతకు కాస్త ముందే మామ, "కింద ఒక్క కాయ కనపడినా ఈ చేను నీకే రాసిస్తా సార్" అన్నాడు మరి. అధికారి ఒక కాయ తుంచి, మట్టి దులిపి, గింజలు నోట్లో వేసుకున్నాడు.

"తియ్యగా ఉన్నాయండీ. రిజిస్ట్రేషన్ ఎప్పుడు పెట్టుకుందాం?"

మా మేనమామది గుమ్మఘట్ట అవతల ఎర్రనేల. ఏటా వేరుశనగే వేస్తాడు. వేరే పైరు చూడమంటే, "ఇదైతే ఎండినా కట్టె ఎనుములకు మేతన్నా అయితాది" అంటాడు. ఆ ఏడు పూత నేలలోకి దిగి కాయ కట్టాల్సిన రోజుల్లో వాన మొహం చాటేసింది. నేల రాయిలా బిగుసుకుంది. అంతా అయిపోయాక, సరిగ్గా కరువు బృందం రావడానికి ముందు, జోరున ఒక వాన కురిసింది. మా జిల్లా వాన తీరే అంత. వడలిన ఆకు మళ్లీ లేచింది. దూరం నుంచి చూస్తే చేను ఎరువుల కంపెనీ క్యాలెండర్ బొమ్మలా ఉంది. కింద మాత్రం ఉత్త వేళ్లే.

పంట పోయిందని అధికారులు రాసుకుంటే పెట్టుబడి రాయితీ వస్తుంది. అది వస్తేనే మామకు వచ్చే ఏటి ముంగారు తొలకరికి విత్తనం. లేకుంటే చేను బీడే. పత్రిక తరఫున నేనూ అధికారి జీపులోనే వెళ్లాను. "అల్లుడు కూడా వస్తాండాడు, ఇంక మనకు ఢోకా ల్యా" అని మామ ఊరంతా చెప్పుకున్నాడట.

చేను నడుమ ఎక్కడ పెరికినా సరిపోయేది. కానీ ఎండ మండిపోతోంది, వచ్చినవాళ్లను ఎండలో నిలబెట్టడం మావైపు మర్యాద కాదు. మామ అందరినీ గట్టు మీది వేపచెట్టు నీడకు పిలిచి, మజ్జిగ ఇచ్చి, వంగి చేతికందిన చెట్టు పెరికాడు. రోజూ ఇంటివాళ్లు, కూలీలు సంగటి తిని చెయ్యి కడిగేది ఆ నీడలోనే. ఆ నీళ్లు తాగి, చేను మొత్తంలో ఆ మూల ఒక్కటే కాసింది.

అత్త తల పట్టుకుంది. "ఏమయ్యా, ఇంత చేనుండాది, చెయ్యి కడిగే జాగాలోనే పెరకల్లా నువ్వు? మజ్జిగ తాపిచ్చి మరీ కొంప ముంచితివే!"

"ఏం జేద్దునే? పెద్దోళ్లను ఎండలో నిలబెట్టల్లా?"

అంటూనే మామ చేలోకి పరుగెత్తాడు. "సార్, ఈడ చూడు! ఆడ చూడు! ఒక్క కాయన్నా ఉండాదేమో చూడు!" పెరికిన చెట్లన్నీ బోడివే. అధికారి వాచీ చూసుకుని, "చూశామండీ, చూశాం" అంటూ జీపెక్కాడు. మామ వదల్లేదు. "ఆఫీసులో పెట్టుకోని నిదానంగా చూసుకోండి" అని ఆ మోపంతా తెచ్చి నా మోకాళ్ల మధ్య కుక్కాడు.

అనంతపురం చేరాక డ్రైవర్ ఆ మోపు దించుకున్నాడు. "మా ఎనుముకు రేపటిదాకా మేత అన్నా." అలా కాయలున్న సాక్ష్యం అధికారి తిన్నాడు, కాయలు లేని సాక్ష్యం ఎనుము తిన్నది.

ఆకు పచ్చగా ఉన్నా కాయ లేదని నేను వార్త రాశాను. డెస్కువాళ్లు దానికి నిండు పచ్చని చేను ఫొటో వేశారు. "ఏమల్లుడా, ఆ చేను యాడిది? నేనూ పోయి చూసొస్తా" అని మామ ఫోన్ చేశాడు.

పక్క చేలవాళ్లకు రాయితీ పడింది. మామ ఎప్పుడు వెళ్లి అడిగినా రైతు సేవా కేంద్రంలో ఒకటే మాట: "నీది పరిశీలనలో ఉండాది పెద్దాయనా."

"ఇంకేం పరిశీలిస్తారప్పా? ఉండేదంతా తినిపోయినారు కదా!"

అత్త ఇప్పుడు సంగటి తిన్నవాళ్లందరినీ రోడ్డు దాకా పోయి చెయ్యి కడుక్కోమంటోంది. విత్తనం వేసే అదను దగ్గర పడింది. మామ చేను ఇంకా పరిశీలనలోనే ఉంది.